తల్లిని చూచి పిల్లను: కుక్కపిల్లను కొనుటకు ముందు విచారింపదగిన విషయములు



వార్షిక పరీక్షలు ముగిసి వేసవి సెలవులు సమీపించు దినములలో మన పాఠశాల బాలబాలికలు తమ తల్లిదండ్రులను కోరు కోరికలలో కుక్కపిల్ల యొకటి. ఏటేట ఆ నెలలో తల్లిదండ్రులు కొందఱు మాయొద్దకు వచ్చి, "మాష్టారూ, మీరు జీవశాస్త్రము చెప్పువారు గదా, ఏ జాతి పిల్లను కొన్న బాగుండును?" అని యడుగుచుందురు. ఏ జాతియని యడుగువారే గాని, ఎవరియొద్ద కొనవలెనని యడుగువారు అరుదు. మా యనుభవమున రెండవ ప్రశ్నయే ముందు అడుగవలసినది. కాన ఈ సంచికయందు దానినిగూర్చి కొంత వ్రాయ దలంచితిమి.

మన పెద్దలు "తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బఱ్ఱెను తెచ్చుకొనవలెను" అని చెప్పుదురు. బఱ్ఱెను కొనబోవు రైతును చూడుడు. సంతలో తొలుత కనబడినదానికి ఆతడు సొమ్ము చెల్లింపడు. పండ్లు చూచి వయస్సు కనుగొనును. పొదుగు తడవి చూచును. ప్రక్కనున్న దూడ దానిదేనా యని విచారించును. రెండుపూటలు తన కన్నులయెదుట పాలు పిదికించును. ఆ పిమ్మటనే బయానా యిచ్చును. అట్టి రైతుల బిడ్డలమైన మనమే కుక్కపిల్ల విషయమున ఫోనులో వచ్చిన బొమ్మను చూచి మురిసి, ముఖ మెఱుగనివానికి వేలకొలది రూపాయలు పంపుచున్నాము. పాలిచ్చు బఱ్ఱె నాలుగైదు ఈతలు మనయింట నుండి పోవును. కుక్కయన్ననో పది, పండ్రెండేండ్లు మన బిడ్డలతో కలసి పెరుగునది. దానినిగూర్చి అంతకంటె తక్కువ విచారణ చేయుట న్యాయమా?

మేము చేసిన పొరపాటు

ఇతరులను నిందించుటకు ముందు మా తప్పు మేము చెప్పుకొనుట మంచిది. 2018వ సంవత్సరము ఏప్రిలు నెలలో పనిమీద నగరమునకు పోయియున్నప్పుడు, బాటప్రక్కన ఒకడు వెదురుగంపలో నాలుగు లాబ్రడారు పిల్లల నుంచుకొని కూర్చుండుట చూచితిమి. మా చిన్నమ్మాయి ఎన్నాళ్లనుండియో అడుగుచున్నది గదా యని నిలిచితిమి. "ఎన్ని దినముల పిల్ల?" అని యడిగితిమి. "నలుబదియైదు దినములండీ. రెండు టీకాలును అయినవి" అని ఆతడు పచ్చని కార్డొకటి చూపెను. "తల్లి యెక్కడ?" అనగా, "ఊరిలో ఉన్నదండీ" అనెను. ఏ యూరని మేము అడుగలేదు. ఎనిమిదివేల రూపాయలిచ్చి పిల్లను ఒడిలో పెట్టుకొని బస్సెక్కితిమి.

మొదటి రెండు దినములు పిల్ల ఎప్పుడును నిద్రించుచునే యుండెను. ఎంత సాధువైనదో యని సంతోషించితిమి. మూడవనాడు పాలు ముట్టలేదు, వాంతి చేసికొనెను. నాలుగవనాడు దుర్గంధముతో కూడిన రక్తవిరేచనములు ప్రారంభమాయెను. పశువైద్యుని యొద్దకు తీసికొనిపోగా ఆయన పరీక్షించి, పార్వో వ్యాధియని చెప్పి సెలైను ఎక్కించిరి. పిదప పిల్ల నోరు తెఱచి చూపి, "ముందుపండ్లే యింకను పూర్తిగా రాలేదు. ఇది నెలపిల్ల గాని నలుబదియైదు దినముల పిల్ల కాదు" అనిరి. కార్డు చూచిరి. రెండు టీకాల తేదులును ఒకే సిరాతో ఒకే వ్రాతలో నుండెను. వైద్యుని సంతకము లేదు, మందుసీసా అంటింపుచీటియు లేదు. అమ్మినవాని ఫోను పలుకలేదు. ఆఱవనాటి తెల్లవాఱుజామున పిల్ల మరణించెను.

పెరటిలో జామచెట్టు క్రింద దానిని పూడ్చునప్పుడు మా చిన్నమ్మాయి, "నాన్నా, దీని అమ్మ ఎక్కడున్నది? దానికెవరు చెప్పుదురు?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్న మేము గంపయొద్ద నిలిచినప్పుడే అడిగి, బదులు రానిచో వెనుదిరిగి రావలసినది.

ఇట్లేల జరిగెను?

పార్వో వైరసు 1978వ సంవత్సరమున కనుగొనబడి, రెండేండ్లలోపలనే లోకమంతటను వ్యాపించెను. అది ప్రేవుల లోపలిపొరను నాశనము చేయును. సోకిన పిమ్మట సామాన్యముగా మూడునుండి ఏడు దినములకు లక్షణములు పైకి కనబడును. మా పిల్ల మూడవనాడే జబ్బుపడెను గనుక, ఆ గంపలోనో, అంతకు ముందు దాని నుంచిన చోటనో వ్యాధి సోకియుండవలెను. అమ్మినవానియొద్ద నున్నంతసేపు అది బాగుగనే కనబడును. పిల్లను మాత్రమే చూచి కొనుట చాలదనుటకు ఇది మొదటి కారణము.

పుట్టిన వెంటనే పిల్ల త్రాగు ముఱ్ఱుపాలలో తల్లి శరీరమందలి రక్షకపదార్థములు కొన్ని దానికి వచ్చును. తల్లికి టీకాలు సక్రమముగా వేయించినచో ఆ పాలలో బలముండును. తల్లికే లేనిది పిల్లకు రాదు. మఱియొక చిక్కును కలదు. తల్లివలన వచ్చిన ఆ రక్షణ కొన్ని వారములకు తఱిగిపోవును. అది ఉన్నంతకాలము పిల్లకు వేసిన టీకాను పనిచేయనీయదు. ఏ పిల్లకు ఏ దినమున తఱుగునో చెప్పలేము. కాన ఆఱు, ఎనిమిది వారముల మధ్య మొదటి టీకా వేసి, మూడు నాలుగు వారముల కొకమాఱు చొప్పున పదునాఱవ వారము వఱకు మరల వేయుచుందురు. "ఒక్క టీకా అయినది, ఇక భయము లేదు" అనుమాట నమ్మదగినది కాదు. పిచ్చికుక్క వ్యాధికి టీకా సాధారణముగా మూడు నెలలు నిండిన పిమ్మట వేయుదురు. నెలన్నర పిల్లకు ఆ టీకాయు అయినట్లు కార్డులో వ్రాసియున్నచో, ఆ కార్డునంతటిని సందేహింపవచ్చును.

పిల్ల వయస్సు తెలిసికొనుటకు పండ్లు కొంత సాయపడును. కుక్కపిల్లకు పాలపండ్లు మొత్తము 28. ముందుపండ్లు నాలుగైదు వారములకు వచ్చును. ఎనిమిది వారములకు సాధారణముగా అన్నియు వచ్చియుండును. ముద్దుగా బోసినోటితోనున్న పిల్లను రెండునెలల పిల్లయని చెప్పినచో అది అసత్యము.

ఆ వైరసు నేలలో నెలలకొలది, ఒక్కొక్కప్పుడు సంవత్సరమునకు పైగా నశింపక నిలువగలదు. వైద్యుని సలహాపై ఇంటి గచ్చును బ్లీచింగు కలిపిన నీటితో కడిగించి, ఏడాదివఱకు మఱియొక పిల్లను తేకుంటిమి.

తల్లిని చూచుట

తల్లి కానరాని వ్యాపారము మనదేశమునకే పరిమితమైనది కాదు. గ్రేటుబ్రిటనునందును పిల్లలను ఒకచోట పుట్టించి, దళారులచేత దూరపు ఊళ్లలోని ఇండ్లలోను దుకాణములలోను అమ్మించు పద్ధతి చిరకాలము సాగెను. 2013వ సంవత్సరమున వేల్సు ప్రాంతమున అట్టి పెంపకశాలనుండి లూసీయను ఆడకుక్క విడిపింపబడెను. అది కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతిది. ఇఱుకు బోనులో ఈతవెంబడి ఈతగా పిల్లలను కనుచు, దాని తుంటికీళ్లు బిగిసిపోయెను, వెన్ను వంకరపోయెను, వెండ్రుకలు రాలిపోయెను. దానిని ప్రేమతో సాకినవారు కలిగినను అది 2016లో మరణించెను. మార్క్ అబ్రహామను పశువైద్యుడును మఱికొందఱును సాగించిన ఉద్యమమువలన దాని పేరనే ఒక శాసనము పుట్టి, 2020వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదినుండి ఇంగ్లండున అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము ఆఱునెలలలోపు కుక్కపిల్లలను, పిల్లికూనలను దళారులు అమ్మరాదు. పెంచినవారే, పిల్ల పుట్టినచోటనే, తల్లితోకూడ దానిని చూపి అమ్మవలెను. మన సామెతలోని మాటయే అక్కడ శాసనమైనదని చెప్పవచ్చును.

మనదేశమునను నియమములు లేకపోలేదు. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ననుసరించి, కేంద్రప్రభుత్వము 2017వ సంవత్సరమున కుక్కల పెంపకము, విక్రయములనుగూర్చి నియమావళిని ప్రకటించెను. దాని ప్రకారము కుక్కలను పెంచి అమ్మువారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియందు నమోదు కావలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పదునెనిమిది నెలలు నిండనిదే ఆడకుక్కను ఈతకు వాడరాదు. ఏడాదికి ఒక ఈతకంటె ఎక్కువయు, జీవితకాలమున అయిదు ఈతలకంటె ఎక్కువయు ఉండరాదు. ఎనిమిదేండ్లు వచ్చినదానిని ఈతకు వాడరాదు. అమ్మినవాని లెక్కలు వ్రాసి యుంచవలెను. గంపయొద్ద మాతో మాటలాడినవాడు ఈ నియమములలో ఒక్కటియైనను పాటించినట్లు తోచదు. మేమును ఒక్కటియైనను అడిగినవారము కాము. కొనువారు అడుగనిచో నియమము కాగితముమీదనే యుండును.

కాన అమ్మువారి యింటికే పోవలెను. బస్సు నిలుచుచోటికి పిల్లను తెత్తుమనువారితో బేరము వలదు. తల్లిని పిల్లలతో కలిపి చూపుమనవలెను. కొందఱు ఏదో యొక ఆడకుక్కను తెచ్చి ఇదియే తల్లియని చెప్పుదురు. పాలిచ్చుచున్న తల్లికి చన్నులు దిగి, ఉబ్బి కనబడును. పిల్లలు దానియొద్దకు పరుగిడును. అది వానిని నాకును. చన్నులు ముడుచుకొని, పిల్లలను చూచి మొగము త్రిప్పుకొనునది తల్లి యగునో కాదో విచారింపవలెను. పిల్లలకు పాలిచ్చి తల్లి కొంత చిక్కియుండుట సహజమే. అట్లని ఎముకలు పైకి పొడుచుకొని యుండరాదు, చర్మమున పుండ్లు ఉండరాదు. యజమానుని చూచి తోక యాడించుచున్నదా, మూలకు ఒదుగుచున్నదా? ఆతని చేతిక్రింద ఆ కుక్కల బ్రతుకెట్లున్నదో దానినిబట్టి తెలియును. తండ్రి పరాయియింటి కుక్క యగుట సామాన్యము గనుక ఆది యచ్చట లేకున్నను తప్పులేదు. దానిదెవరిదో, ఎక్కడనున్నదో చెప్పగలిగినచో చాలును.

పిల్ల పెరిగిన చోటు

పిల్లలను పెంచుచోటు ఎందుకు చూడవలెనో కూడ తెలిసికొనుడు. అమెరికాలోని మేను రాష్ట్రమున బార్ హార్బరు పట్టణమందు శాస్త్రజ్ఞులు కుక్కపిల్లల స్వభావమునుగూర్చి ఏండ్లతరబడి పరిశోధనలు చేసిరి. 1961లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, కొన్ని పిల్లలను ఎత్తైన కంచెల నడుమ మనుష్య స్పర్శ లేకుండ పెంచిరి. వానిలో కొన్నిటిని వేర్వేఱు వయస్సులలో ఒక్కొక్క వారము మనుష్యులయొద్ద నుంచిరి. పదునాలుగు వారములవఱకు మనుష్యుల నెఱుగని పిల్లలు అడవిజంతువులవలె బెదరి, ఆ తరువాత ఎంత బుజ్జగించినను సులభముగా మచ్చిక కాలేదు. అచ్చటి స్కాట్, ఫుల్లర్ అనువారు 1965లో ప్రకటించిన గ్రంథమున మూడవ వారమునుండి పండ్రెండవ వారమువఱకు గల కాలము కుక్కపిల్ల మచ్చికకు మిక్కిలి ముఖ్యమైనదని చూపిరి.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దేమి? మనము పిల్లను తెచ్చుకొను నాటికే ఆ కాలములో సగము గడచిపోయియుండును. చీకటికొట్టములో పెరిగిన పిల్ల మనయింటికి వచ్చి, కుక్కరు కూతకును, పిల్లల అరుపులకును, అతిథి అడుగులకును బెదరును. బెదరిన కుక్కయే కఱచును. మనుష్యులు తిరుగాడు ఇంటిలో, వంటయింటి చప్పుళ్ల నడుమ, పదిచేతులలో పెరిగిన పిల్ల అట్లు బెదరదు. ఎనిమిది వారములకు ముందు తల్లినుండి, తోబుట్టువులనుండి వేఱుచేసిన పిల్ల మఱియొక పాఠము పోగొట్టుకొనును. తోటిపిల్లను గట్టిగా కొఱికినచో అది కుయ్యని ఆట మానివేయును. అంత గట్టిగా కొఱుకరాదని పిల్ల నేర్చుకొనునది అచ్చటనే.

వంశమున వచ్చు లోపములు

పిల్లలో కానరాక, పెద్దదైన పిమ్మట బయలుపడు లోపములును కలవు. లాబ్రడారు, జర్మన్ షెపర్డు మొదలగు పెద్దజాతులలో తుంటికీలు గుంటలో సరిగా కుదురని లోపము వంశపారంపర్యముగా వచ్చును. రెండునెలల పిల్ల చెంగుచెంగున దుముకుచునే యుండును. ఏడాది, రెండేండ్లు గడచిన తరువాత కుంటును. దీనిని ముందుగా ఊహించుటకు తల్లిదండ్రుల తుంటికి తీసిన ఎక్స్‌రే చిత్రములే సాధనము. అమెరికాలో ఇందుకొఱకే 1966లో ఒక సంస్థ ఏర్పడెను. అది కుక్కకు రెండేండ్లు నిండినగాని తుంటికి తుదిపత్ర మీయదు. తల్లిదండ్రులు మంచివైనంతమాత్రమున ప్రతిపిల్లయు మంచిదగునని కాదు. అయినను అపాయము తగ్గును.

2003వ సంవత్సరమున ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో బాలుని వెంట నడచిన పగ్ జాతికుక్కను చూచి మనదేశమున పలువురు దానికై ఎగబడిరి. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు. అది నోరు తెఱచి రొప్పియే ఒడలు చల్లబఱచుకొనును. ముక్కు అణగిపోయిన జాతులకు ఊపిరిదారి ఇఱుకు. మన మే నెల యెండలో వానికి ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టి పిల్లను కొనదలచినవారు తల్లిని నాలుగడుగులు నడిపించి ఊపిరి వినవలెను. గురక, ఈల వంటి చప్పుడు వచ్చినచో అది ముద్దు కాదు, రోగము.

మన దక్షిణదేశపు జాతులను కోరువారికిని ఇదే మాట. తెలుగు మాటలాడు రాజులు స్థిరపడిన తమిళనాటి రాజపాళయము పేరిట ప్రసిద్ధమైన తెల్లని వేటకుక్క మిక్కిలి అందమైనది, మన యెండకు తగినది. అయితే కుక్కలలో తెలుపుతోకూడ పుట్టుచెవుడు వచ్చుట కలదు. లోచెవిలో రంగునిచ్చు కణములు లేకపోవుట దానికి కారణము. డాల్మేషియను జాతియందును ఇట్లే. కాన తెల్లని పిల్ల నిద్రించునప్పుడు వెనుకనుండి, గాలి తగులకుండ చప్పుడు చేసి చూడవలెను. రెండుచెవులు వినబడనిచో దీనివలన తెలియును. ఒకచెవి మాత్రమే వినబడనిచో వైద్యుని పరికరముతో పరీక్షింపక తెలియదు.

కాగితములు

"కాగితములున్న పిల్ల" అని అమ్మువారు గొప్పగా చెప్పుదురు. ఆ కాగితము చెన్నపట్టణమందలి కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియావారి వంశావళి పత్రము కావచ్చును. అది పిల్ల ఏ జాతిదో, తాతముత్తాత లెవరో చెప్పును. ఆరోగ్యముగానున్నదని గాని, తల్లిని బాగుగా చూచుచున్నారని గాని చెప్పదు. రాష్ట్రమండలి నమోదుపత్రము వేఱు, వైద్యుడు సంతకముచేసిన టీకాల పుస్తకము వేఱు, సొమ్ము ముట్టినట్లు రసీదు వేఱు. నాలుగింటిని విడివిడిగా అడుగవలెను. పిల్ల మెడచర్మము క్రింద బియ్యపుగింజంత మైక్రోచిప్పు అమర్చినచో, అందలి పదునైదంకెల సంఖ్య కాగితమునందున్న సంఖ్యతో సరిపోవుచున్నదో లేదో వైద్యునియొద్ద చదివించుకొనవలెను.

ప్రశ్నలడుగు అమ్మకందారు

2019వ సంవత్సరమున మరల వెదుకసాగితిమి. మొదట చూడబోయిన ఇంట, "తల్లికి కోపమెక్కువ, లోపలికి రావలదు" అని గుమ్మమునందే పిల్లను చేతికిచ్చిరి. తిరిగి వచ్చితిమి. రెండవచోట ఒకే షెడ్డులో అయిదుజాతుల పిల్లలుండెను. "ఈరోజే బయానా ఇండి, రేపు ఉండదు" అని తొందరపెట్టిరి. తిరిగి వచ్చితిమి. అప్పుడు మా చిన్నమ్మాయి కంట నీరు పెట్టుకొనెను. మాకును మనసు చివుక్కుమనెను.

మూడవది కాజీపేటలో విశ్రాంత రైల్వేగార్డుగారి యిల్లు. గోడమీద నమోదుపత్రము పటముకట్టి యుండెను. లాబ్రడారు తల్లి వంటయింటి గడపయొద్ద పడుకొని యుండగా ఆఱు పిల్లలు దానిపై నెక్కి దొర్లుచుండెను. అవి అప్పటికి అయిదు వారముల పిల్లలు. మేము ప్రశ్నలు వ్రాసికొని పోతిమి గాని, ముందుగా ప్రశ్నించినది ఆయనయే. "మాష్టారూ, పగటిపూట ఇంట ఎవరుందురు? సొంత యిల్లా, అద్దెయిల్లా? ఇంతకుముందు కుక్కను పెంచినారా? అది ఏమైనది?" అని యడిగిరి. మేము జరిగినది దాచక చెప్పితిమి. ఆయన కొంతసేపు మౌనముగా నుండి, "ఏడాది గడచినదా? గచ్చు కడిగించినారా?" అనిరి. పిదప మా అమ్మాయివంక తిరిగి, "తల్లీ, వానకాలములో కూడ ప్రొద్దుటే లేచి దీనిని బయటికి తీసికొనిపోవుదువా?" అని యడిగిరి. తల్లికి తీయించిన ఎక్స్‌రే చూపిరి. అది రెండవ ఈతయని, ఇంకొక్కటి తరువాత ఇక వలదనుకొంటినని చెప్పిరి. పిల్లను ఆనాడే ఇయ్యలేదు. "ఎనిమిది వారములు నిండనిండు. ఈలోగా ఇంకొకసారి వచ్చి చూడుడు. ఎప్పుడైనను పెంచలేకపోతిరా, బజారున విడువవలదు, నాకే తెచ్చి యిండు" అనిరి.

మంచి అమ్మకందారుని గుర్తించుటకు ఇంతకంటె సులభమైన గుర్తు మాకు తెలియదు. డబ్బు చూచువాడు మన సంచిని చూచును. పిల్లను ప్రేమించువాడు మన యింటిని విచారించును.

జాలివలన కలుగు కీడు

చివరకొక కష్టమైన మాట చెప్పవలసియున్నది. మురికిగంపలో నీరసించిన పిల్లను చూచినప్పుడు, "పోనీ, దీనినైనను రక్షింతము" అని కొనబుద్ధి పుట్టును. ఆ జాలి మంచిదే. కాని మనమిచ్చు ఎనిమిదివేలతో ఆ పిల్ల చోటు ఖాళీయగును. ఖాళీయైన చోటు నింపుటకు ఎక్కడనో చీకటికొట్టములో ఒక తల్లిని మరల ఈతకు కట్టుదురు. మేము 2018లో ఒక పిల్లను కొంటిమి గాని, కనబడని తల్లికి మఱియొక ఈత శిక్ష వేసితిమి. అట్టిచోట కొనక, చూచినదానిని పశుసంవర్ధకశాఖవారికో, జంతుసంక్షేమ మండలికో వ్రాసి తెలుపుట నిజమైన జాలి. ఏ జాతియైనను సరే, తోడుగా నొక ప్రాణి చాలుననువారు ఊరకుక్క పిల్లను పెంచుకొనవచ్చును. హైదరాబాదునందు 1992లో స్థాపింపబడిన బ్లూక్రాసువంటి జీవకారుణ్య సంఘములు అట్టివానిని పెంపునకిచ్చుచున్నవి. అవి మన నీటికి, మన యెండకు అలవాటుపడినవి.

జ్ఞాపకముంచుకొనదగినవి

1. పిల్ల పుట్టిన ఇంటికే పోయి చూడవలెను. ఒకమాఱు కాదు, రెండుమాఱులు పోవలెను.
2. తల్లిని పిల్లలతో కలిపి చూడవలెను. చూపనిచో మాట పెంచక తిరిగి రావలెను.
3. ఎనిమిది వారములు నిండనిదే పిల్లను తేరాదు. పండ్లు లెక్కింపవలెను.
4. నమోదుపత్రము, టీకాల పుస్తకము, వంశావళి, రసీదు వేఱువేఱుగా అడుగవలెను.
5. ఆ జాతికి వంశమున వచ్చు లోపమేదో ముందు తెలిసికొని, తల్లిదండ్రులకు చేయించిన పరీక్షల పత్రములు అడుగవలెను.
6. చూడనిదానికి ముందుగా సొమ్ము పంపరాదు. తొందరపెట్టువానియొద్ద కొనరాదు.
7. తెచ్చిన మఱునాడే మన పశువైద్యునికి చూపవలెను.
8. అమ్మువాడు మనల నేమియు అడుగనిచో, మనమే మనల నడుగుకొనవలెను: పది పండ్రెండేండ్లు దీనిని సాకగలమా?

తల్లిదండ్రులకు మా విన్నపము: బిడ్డ అడిగిననాడే తెచ్చి యీయకుడు. విచారణకు బిడ్డనుకూడ వెంట తీసికొనిపొండు. రెండు గుమ్మములనుండి ఉత్తచేతులతో తిరిగివచ్చుట మా అమ్మాయికి ఆనాడు కష్టముగ తోచినది. కాని ఏ వస్తువునైనను, ఏ మాటనైనను దాని మూలము విచారించి గాని అంగీకరింపరాదను పాఠము మేము తరగతిలో చెప్పినదానికంటె అచ్చటనే ఆమెకు బాగుగ అబ్బినది.

కాజీపేటనుండి తెచ్చిన కుక్క నేటికిని మా వాకిట నున్నది. తెచ్చిన మఱుసటి దసరా సెలవులలో దానిని గార్డుగారి యింటికి తీసికొనిపోతిమి. ముసలితనము మొదలైన తల్లి లేచివచ్చి, దాని చెవులు వాసనచూచి, మొగము నాకి, మరల గడపయొద్దకు పోయి పడుకొనెను. మా చిన్నమ్మాయి దానిప్రక్కన కూర్చుండి చాలసేపు వీపు నిమిరెను. దీని అమ్మ ఎక్కడున్నదని ఈమాఱు ఆమె అడుగవలసిన పని లేకపోయెను.